పైనోళ్లు చెప్తేనే చేసిండా? ఆష్విట్జ్ కమాండెంట్ రుడాల్ఫ్ హోస్ కథ

మన దిక్కు బడిల జర గట్టిగ ఉండే సారుకు హిట్లర్ అని పేరు వెడ్తరు. గదే పేరుతోని 1997ల చిరంజీవి సినిమా గూడ వచ్చింది. ఆ పేరు ఎనుక ఏం జరిగిందో తెల్వాలంటే హిట్లర్‌నే గాదు, అతని కింద కొలువు చేసినోళ్లను గూడ సూడాలె. అండ్ల ఒకడు రుడాల్ఫ్ హోస్. హిట్లర్‌కు డిప్యూటీగ ఉన్న రుడాల్ఫ్ హెస్ వేరే. పేర్లు దగ్గర దగ్గరున్నయని చానామంది ఇద్దర్ని కలిపేస్తరు.

హోస్ పుట్టింది జర్మనీల బాడెన్-బాడెన్‌ల. కొడుకును క్యాథలిక్ ఫాదర్ చెయ్యాలని తండ్రి కోరిక. పిలగాడేమో మీసాలు రాకముందే మొదటి ప్రపంచ యుద్ధానికి పోయిండు. తిరిగొచ్చి సాయుధ ముఠాలల్ల తిరిగిండు. 1923ల వాల్టర్ కాడోవ్ అనే బడిపంతులును కొట్టి సంపిన కేసుల పదేండ్ల శిక్ష పడ్డది. 1928లనే క్షమాభిక్షతోని బయటపడ్డడు. 1934ల హిమ్లర్ పిలిస్తే ఎస్ఎస్‌ల చేరిండు. డాకౌ, జాక్సెన్‌హౌజెన్ క్యాంపులల్ల పని నేర్సుకున్నడు. 1940 మేల, జర్మనీ ఆక్రమించిన పోలండ్‌ల ఆష్విట్జ్‌కు కమాండెంట్ అయిండు.

మొదట్ల అది పోలండ్ ఖైదీల జైలు లెక్కనే ఉండె. 1941ల అక్కడ జైక్లాన్-బి అనే పురుగుల మందును సోవియట్ యుద్ధఖైదీల మీద వాడి సూసిండ్రు. అటెన్క పక్కన బిర్కెనావ్‌ల గ్యాస్ గదులు లేసినయి. యూరప్ నలుమూలలకెళ్లి యూదులను రైళ్లల్ల కుక్కి తెచ్చేటోళ్లు. దిగంగనే ఎస్ఎస్ డాక్టర్లు పనికొచ్చేటోళ్లను ఒక దిక్కు, ముసలోళ్లను, సంటిపిల్లల తల్లులను ఇంకో దిక్కు నిలవెట్టేటోళ్లు. ఆ ఇంకో దిక్కు వాళ్లకు స్నానానికి అని చెప్పేది.

1944 ఎండకాలంల హంగరీ యూదుల పని సూసుకోనీకి హోస్‌ను మళ్ల ఆష్విట్జ్‌కు పంపిండ్రు. రెండు నెలలు గూడ నిండకముందే 4 లక్షల మందికి పైగా ఆడ దిగిండ్రు. ఎక్కువ మందిని దిగినరోజే సంపిండ్రు.

హోస్ ఇల్లు క్యాంపు గోడకు ఆనుకునే ఉండె. భార్య హెడ్విగ్, ఐదుగురు పిల్లలు, పూలతోట. తోటల పనిచేసేది ఖైదీలే. 2024ల ఆస్కార్ వచ్చిన ‘ద జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్’ సినిమా గీ ఇంటి గురించే.

యుద్ధం ఓడినంక ఫ్రాంజ్ లాంగ్ అని దొంగ పేరు వెట్టుకొని ఒక పొలంల కూలికి చేరిండు. 1946 మార్చిల బ్రిటిష్ ఆర్మీ పట్టుకున్నది. పట్టుకున్న హాన్స్ అలెగ్జాండర్, నాజీల బాధకు జర్మనీ ఇడిసిపోయిన యూదు పిలగాడే.

ఏప్రిల్‌ల న్యూరెంబర్గ్ కోర్టుల హోస్ అన్నీ ఒప్పుకున్నడు. గని హిమ్లర్ హుకుం ఇచ్చిండు, నేను పాటించిన అన్నదే వాని వాదన. ఆ వాదన నిలవదు. ఎందుకంటే గదే నెల రాసిచ్చిన వాంగ్మూలంల, ట్రెబ్లింకా క్యాంపు కంటే తానేం మెరుగు జేసిండో వాడే లెక్కవెట్టి చెప్పిండు. అక్కడ ఇంజను పొగ, తన దగ్గర జైక్లాన్-బి. అక్కడి గదుల్ల 200 మందే పడ్తరు, తన గదుల్ల ఒక్కపారి 2,000 మంది. అక్కడోళ్లకు సావు ముందే తెలుస్తది, ఇక్కడోళ్లను ఆఖరిదాకా నమ్మించేది. హుకుం సంపమన్నదే అనుకుందాం. గీ తెలివి ఎవని హుకుం? పని బాగ చేసిన అని మురిసే మనిషి కనవడ్తడు ఆ కాగితంల, బలవంతంగ చేసినోడు కాదు.

ఇంకో ముచ్చట. హోస్ మొదట్ల గ్యాస్‌తోని, ఆకలి రోగాలతోని మొత్తం 30 లక్షలు పోయిండ్రన్నడు. తర్వాత తనే ఆ లెక్క ఎక్కువన్నడు. పోలండ్ చరిత్రకారుడు ఫ్రాన్సిషెక్ పైపర్ రైళ్ల లెక్కలు తీసి తేల్చింది దాదాపు 11 లక్షలు. అండ్ల 10 లక్షల దాకా యూదులు, 70 వేల దాకా పోలండోళ్లు, 21 వేల రోమాలు, 15 వేల సోవియట్ ఖైదీలు. గీ తేడా పట్టుకొని అంతా అబద్ధమని ఆన్‌లైన్‌ల తిప్పేటోళ్లున్నరు. లెక్క సరిజేసింది దాచనీకి కాదు, రుజువు వెట్టనీకి.

1947 ఏప్రిల్ 2న వార్సా కోర్టు ఉరిశిక్ష ఏసింది. 16న ఆష్విట్జ్‌లనే, పాత గ్యాస్ గది పక్కన ఉరితీసిండ్రు. ఆ కంబం ఇప్పటికీ ఆడనే ఉన్నది. ఆడికెళ్లి హోస్ ఇల్లు కూతవేటు దూరం.