ద్రాక్ష పందిరి – కత్తెర

తోట ఏపుగా పెరిగినచో ఫలము సమృద్ధిగా లభించునని తలచుట సహజము. హైదరాబాదు ద్రాక్షతోటల చరిత్ర ఇందుకు విరుద్ధముగ సాక్ష్యమిచ్చుచున్నది.

‘అనాబ్-ఎ-షాహీ’ అనగా రాచద్రాక్ష. 19వ శతాబ్ది చివర అబ్దుల్ బాఖర్ ఖాన్ దీనిని ఈ నగరమునకు తెచ్చెనని చెప్పుదురు. 20వ శతాబ్దిలో దీని పందిళ్లు నగర శివార్లకు, తూర్పున ఉప్పల్ వైపునకు వ్యాపించెను.

ఐరోపాలో చలికాలము తీగను నిద్రపుచ్చును. మన ఎండలలో ద్రాక్షకు నిద్ర లేదు. విడిచిపెట్టినచో పందిరి నిండ ఆకులే మిగులును. కావున చలికాలము చేయు పనిని రైతులు కత్తెరకు అప్పగించిరి. వేసవిలో మొదటి కత్తిరింపు. దాని పిమ్మట వచ్చు లేత కొమ్మలలో ఫలమిచ్చు మొగ్గలు రూపొందును. అక్టోబరు ప్రాంతమున రెండవది. అంతట పూత పూసి, మరుసటి వేసవి తొలినాళ్లలో గుత్తులు పండును. రెండు కత్తిరింపులకు ఒక్క పంట!

నేడు ఉప్పల్, నాచారములు ఇండ్లతోను కర్మాగారములతోను కిక్కిరిసినవి. 2017లో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడచెను. ద్రాక్షతీగకు మేర నేర్పిన ఊరు తన పెరుగుదలకు మేర నేర్వలేదు. పందిరి పోయినను, ఆ కత్తెర చెప్పిన పాఠము నగరమునకును వర్తించును.