హర్రా రాళ్ల దారిలో మదీనాకు

మక్కా నుంచి మదీనాకు కారులో పోతుంటే కిటికీ బయట ఎంత దూరం చూసినా నల్లటి రాళ్లే. అరబ్బులు వీటిని హర్రా అంటారు. చల్లారిన లావా అన్నమాట. మా పిల్లలకైతే బొగ్గుల భట్టీ గుర్తొచ్చిందట!

హిజ్రీ 654లో, అంటే 1256లో, మదీనాను మొదట జల్‌జలాలు కుదిపాయి. తర్వాత షహర్‌కి ఆగ్నేయాన నేల చీలి, లావా సుమారు 23 కిలోమీటర్లు పారింది. జనం మస్జిదె నబవీలో చేరి ఏడుస్తూ తౌబా చేశారు. లావా షహర్‌లోకి రాకుండా దారి మళ్లింది. కానీ అదే సంవత్సరం రమజాన్‌లో, ఒక ఖాదిమ్ చేతిలోని చిరాగ్ నుంచి నిప్పంటుకుని ఆ మస్జిదే కాలిపోయింది. నేను విన్న బయానుల్లో మొదటి వాఖియానే చెప్తారు, రెండోది ఎవరూ ఎత్తరు.

హోటల్ చేరి గుస్ల్ చేశాం. అసర్ నమాజ్ తర్వాత సహన్‌లో పెద్ద గొడుగుల నీడన కూర్చుని చల్లటి జమ్‌జమ్ తాగాం. మూడు రోజులు ఇంకెక్కడికీ పోలేదు.