అప్పు వాటాగా మారే షరతు

భారతదేశంలో 1970ల నాటి టర్మ్ లోన్ ఒప్పందాల్లో ప్రమోటర్లకు బొత్తిగా గిట్టని షరతు కన్వర్టిబిలిటీ క్లాజు. బాకీలో కొంత భాగాన్ని ముందే కుదుర్చుకున్న ధరకు షేర్లుగా మార్చుకునే హక్కు దీనివల్ల రుణసంస్థకు దక్కేది.

దీనికి మూలం సుబిమల్ దత్ కమిటీ 1969లో ఇచ్చిన నివేదిక. ఐఎఫ్‌సీఐ, ఐడీబీఐ వంటి సంస్థలు ఇచ్చే అప్పుల్లో పెద్ద భాగం కొన్ని పారిశ్రామిక కుటుంబాలకే చేరుతోందని కమిటీ తేల్చింది. ఫ్యాక్టరీ లేచేది ప్రజల సొమ్ముతో, పెత్తనం మాత్రం కుటుంబానిది. 1971లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో పెద్ద రుణాల్లోకి ఈ క్లాజు వచ్చింది.

కోటి రూపాయల అప్పులో 20 లక్షలను 10 రూపాయల ముఖవిలువకే మార్చుకోవచ్చని రాసుకున్నారనుకుందాం. మార్కెట్లో షేరు 40 రూపాయలు పలికితే ఆ 20 లక్షలకు 80 లక్షల విలువైన షేర్లు వస్తాయి. కంపెనీ దెబ్బతింటే ఆ హక్కును ఎవరూ వాడుకోరు. అంటే ఈ షరతు కాటు వేసేది బాగుపడ్డ కంపెనీనే. ప్రమోటర్ల గగ్గోలులో న్యాయం లేకపోలేదు.

డబ్బుకన్నా వాళ్లను బెంగపెట్టింది ఓటు. ట్రాక్టర్లు తయారుచేసే ఎస్కార్ట్స్ కంపెనీలో ఆర్థిక సంస్థల వాటా సగం దాటింది. అదంతా ఈ క్లాజు తెచ్చిపెట్టినది కాకపోయినా, డైరెక్టర్లను తొలగించాలని ఆ సంస్థల్లో ఒకటైన ఎల్ఐసీ కోరడంతో భయం నిజమైంది. వాటాదారు అందుకు కారణాలు చెప్పనక్కర్లేదని 1985 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 1991 జులై పారిశ్రామిక విధానం కొత్త ప్రాజెక్టుల రుణాల్లో ఈ క్లాజు తప్పనిసరి కాదంది.

తర్వాత అప్పు వాటాగా మారడం నష్టాల కంపెనీల వ్యవహారమైంది. 2011లో బ్యాంకులు కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ బాకీలో కొంత భాగానికి, మార్కెట్ ధరను మించి షేరుకు 64.48 రూపాయల లెక్కన వాటా తీసుకున్నాయి. మరుసటి ఏడాది అక్టోబరుకల్లా విమానాలు నేలమీదే నిలిచిపోయాయి.

2015 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఎస్‌డీఆర్ (స్ట్రాటజిక్ డెట్ రీస్ట్రక్చరింగ్) పథకం తెచ్చింది. రుణ పునర్వ్యవస్థీకరణ షరతులు నెరవేరకపోతే కనీసం 51 శాతం వాటా తీసుకునే హక్కును బ్యాంకులు ఒప్పందంలోనే రాయించుకోవాలి, ఆపై కొత్త యజమానిని వెతకాలి. మునిగే కంపెనీకి కొనుగోలుదారు దొరకడం అరుదు. 2018 ఫిబ్రవరి 12న పథకం రద్దయి, మొండి బాకీల భారం 2016 నాటి దివాలా చట్టం మీద పడింది.