మిట్టదారిలో సైకిలు వేగము

పెన్నా లోయలో ప్రొద్దుటూరునుండి జమ్మలమడుగునకు దారి దాదాపు చదును. అక్కడనుండి గండికోట చూడబోయి ఎర్రమల కొండనెక్కినను, పులివెందుల మిట్టనేలకు పోయినను సంగతి మారును. మిట్ట రాగానే పలువురు సైకిలు దిగి నడిపించుకొని పోవుదురు. ఇది బలహీనత కాదు.

ప్రొద్దుటూరు సముద్రమట్టమునకు సుమారు 160 మీటర్ల ఎత్తున, పులివెందుల 270 మీటర్ల ఎత్తున ఉన్నవి. మనిషి, సైకిలు కలిసి 90 కిలోగ్రాములనుకొందము. ఆ బరువును 110 మీటర్లు పైకెత్తుటకు 97 వేల జౌళ్ళ పని కావలెను. మెల్లగా పోయినను, ఆయాసపడుచు పోయినను ఇది తగ్గదు. సామాన్యుడు గంటలకొలది నిలకడగా చూపగల సామర్థ్యము సుమారు 75 వాట్లు. ఆ లెక్కన ఎత్తునకే సుమారు 22 నిమిషములు పట్టును. పదినిమిషములలో ముగింపబోయినచో రెట్టింపు సామర్థ్యము కావలెను, త్వరలోనే రొప్పు వచ్చును.

మరి మెల్లగా తొక్కరాదా? పెడళ్ళవద్ద 44 పండ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పండ్లు, 28 అంగుళముల చక్రము ఉన్నచో, పెడలు ఒకసారి తిరిగిన సైకిలు సుమారు ఐదున్నర మీటర్లు సాగును. ఇరువదికి ఒకటి చొప్పున లేచు వాలుమీద, గాలిని, రాపిడిని విడిచినను, 75 వాట్లతో పెడలు నిమిషమునకు 19 సార్లే తిరుగును. వేగము గంటకు 6 కిలోమీటర్లు. అంత మెల్లగా పోవు సైకిలు తూలును, మోకాళ్ళపై భారము పడును. వెనుక, ముందు పండ్లు సమానమైనచో అదే వేగమున పెడళ్ళు 46 సార్లు తిరుగును. పని తగ్గదు, కాలు తేలికపడును.

1885లో కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేసిన ‘రోవర్’ సైకిలుకు గొలుసున్నను పండ్ల నిష్పత్తి ఒక్కటే. ఫ్రాన్సులో సేంత్ ఎతియెన్ పట్టణవాసి పాల్ ద వివీ, ‘వెలోసియో’ అను పేరుతో వ్రాయుచు, మార్చదగిన గేర్లకై ఏండ్ల తరబడి వాదించెను. 1902లో అక్కడి టూరింగ్ క్లబ్బు కొండదారిలో జరిపిన పోటీలో, మూడు గేర్ల సైకిలెక్కిన మార్త్ హెస్ అను స్త్రీ, ఒకే గేరుతో తొక్కిన పేరుపొందిన పందెగాడు ఎద్మాఁ జాక్లాఁను ఓడించెను. అయినను ‘టూర్ ద ఫ్రాన్స్’ నిర్వాహకులు 1937 వరకు గేరుమార్చు సాధనమును అనుమతింపలేదు! అంతవరకు మహావీరులును కొండమొదట దిగి, వెనుక చక్రమును ఊడదీసి, రెండవ వైపునకు త్రిప్పి బిగించుకొనిరి.

మనదేశమున 1949లో స్థాపితమైన మద్రాసు అంబత్తూరు టి.ఐ. సైకిల్స్ వంటి కర్మాగారముల రోడ్‌స్టర్ సైకిళ్ళకు ఒకే గేరు. దానికి తెగిన గొలుసును ఏ రిపేరు అంగడిలోనైనా అతికింతురు. మిట్టవద్ద మాత్రము దిగక తప్పదు.