ఇసుక ఊరికి మురుగు పన్ను

చీరాల–పేరాల ఉద్యమం అనగానే దాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గుర్తొస్తారు. మూటాముల్లె సర్దుకుని ఊరు ఖాళీ చేసిన జనం గుర్తొస్తారు. పాఠ్యపుస్తకం అంతకు మించి చెప్పదు. ఆ జనం ఊరు వదిలింది మునిసిపాలిటీ వద్దని. వీధి దీపాలు పెడతాను, రోడ్లు వేస్తాను, మంచినీళ్లు తెస్తాను, మురుగు కాలువలు తవ్విస్తాను అంటూ వచ్చిన సంస్థను కాదని పదమూడు వేల మంది తాటాకు పాకల్లోకి ఎందుకు వెళ్లారు? స్వాతంత్య్ర పోరాటం లెక్కలో దీనికి జవాబు సులువు. ఊరి లెక్కలో అంత సులువు కాదు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి అప్పట్లో ఒక యూనియన్. 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం కింద పుట్టిన ఈ యూనియన్లు ఇంటిపన్ను వసూలు చేసుకుని వీధులు ఊడ్పించడం, బావులు బాగుచేయించడం లాంటి చిన్న పనులు చేసేవి. చీరాల యూనియన్‌లో ఏడాదికి వసూలయ్యేది సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీగా మార్చింది. దాంతో పన్నుల మొత్తం 40,000 రూపాయలకు చేరింది. జనాభా పదిహేను వేలు. ఐదుగురున్న ఇంటికి సగటు కడితే, పాత లెక్కన ఏడాదికి రూపాయి ఐదణాలు. కొత్త లెక్కన పదమూడు రూపాయల ఐదణాలు. ఊళ్లో ఎక్కువ మంది మగ్గం మీద బతికేవాళ్లు. నూలు ధర పెరిగినా, బేరం పడిపోయినా పస్తుండే ఇళ్లు. ఆ ఇళ్ల మీద ఒక్క దెబ్బకు పదింతల భారం పడింది.

1920లో వచ్చిన మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం తిరగేస్తే ఆ భారం ఏయే పేర్లతో రావచ్చో కనిపిస్తుంది. ఆస్తిపన్నులోనే సాధారణ పద్దు ఒకటి, నీళ్లకూ మురుగుకూ కలిపి ఒకటి, దీపాలకు ఇంకొకటి. వృత్తిపన్ను వేరే. ఇంగ్లండులో కలరా భయంతో పంతొమ్మిదో శతాబ్దం నడుమ పుట్టిన పారిశుధ్య శాస్త్రం ఈ పద్దుల వెనుక ఉంది. పైపులో నీళ్లు రావాలి, కట్టిన కాలువలో మురుగు పోవాలి, దానికి ఊరే డబ్బు కట్టాలి. మాట మంచిదే. లండన్‌కు థేమ్స్ ఉంది, పరిశ్రమలున్నాయి, అప్పిచ్చే బ్యాంకులున్నాయి. చీరాలకు ఉన్నది ఇసుక.

ఈ ఇసుక గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే చీరాల మురుగు కథకు అసలు మూలం అక్కడుంది. బాపట్ల నుంచి వేటపాలెం దాకా తీరం వెంట సముద్రానికి సమాంతరంగా పాత ఇసుక మెరకలు సాగుతాయి. సముద్రం ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో ఆ మెరకలే గుర్తు. ఊళ్లు వాటి మీద కూర్చున్నాయి. వాటికి పడమరగా నేల పల్లం. ఆ పల్లం దాటితే పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట దాకా నల్లరేగడి. నిన్న పత్తి, నేడు మిరప. రేగడి వాన నీటిని ఇంకించుకోదు. కొద్ది వానకే ఉబ్బి మూసుకుపోయి నీళ్లన్నీ కిందికి వదిలేస్తుంది. ఆ నీళ్లు వాగులై తూర్పుకు వచ్చి, ఇసుక మెరక అడ్డం తగిలి, పల్లంలో నిలిచిపోతాయి.

మెరక మీద ఉన్నవాడి అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పోసిన కడివెడు నీళ్లు కళ్లముందే మాయం. నాలుగైదు అడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు. ఇలా తవ్విన గుంటలనే దొరువులంటారు. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు తర్వాతి కాలంలో ఈ దొరువుల మీద పనిచేసి తేల్చి చెప్పింది ఏమిటంటే, ఇసుకలో కింద ఉప్పునీరు, దాని మీద పల్చని తెరలా వాన నీరు ఉంటాయి. పైపైన తోడుకుంటే ఎన్నాళ్లైనా తియ్యగా ఇస్తుంది. ఆశపడి లోతుకు దించి లాగితే ఉప్పు పైకొస్తుంది. ఇలాంటి చోట తరతరాలుగా బతికినవాడికి నీళ్ల పన్ను, మురుగు పన్ను అనే మాటలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించవచ్చు. నీళ్లు నేల ఇస్తోంది, మురుగు నేల తాగుతోంది. మధ్యలో ఎవరికి కట్టాలి?

అయితే ఆ నమ్మకంలో ఒక పొరపాటు ఉంది. తియ్యటి నీళ్లున్న పొర, మురుగు ఇంకే పొర ఒక్కటే. ఇళ్లు పలచగా ఉన్నంతకాలం అది తెలియదు. చీరాల అప్పటికే పలచటి ఊరు కాదు. తేలియా రుమాళ్లకు పేరుపడిన ఊరది. ఆ రుమాలు నూలును నూనెలోనూ, బూడిద తేట నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, చివరికి ఎర్ర రంగు వేస్తారు. ఆ నీళ్లన్నీ వాకిట్లోకే. పడుగులకు పెట్టిన గంజీ అక్కడికే. వేలమంది ఉండే ఊరికి కాలువలు అక్కర్లేదని నేను అనలేను. మద్రాసు ప్రభుత్వం చెప్పిన అవసరం అబద్ధం కాదు. ఎవరినీ అడక్కుండా, పని కంటికి కనపడకముందే బిల్లు పంపిన తీరే ఊరిని మండించింది.

నేతగాళ్ల వీధికి ఇంకో సంగతి ఉంది. అక్కడ వీధి నడవడానికి మాత్రమే కాదు, పడుగు సాగదీసి గంజి పెట్టేదీ అక్కడే. వీధి మధ్యనో ఓరనో ఏం కట్టినా అది వాళ్ల కార్ఖానాలో వేలు పెట్టినట్టే. ఆ మాట పట్టించుకునే ఇంజనీరు దొరకడం అప్పట్లో కష్టం. దొరకడని కాదు. స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డెస్ సరిగ్గా ఆ దశాబ్దంలోనే మద్రాసు రాజధానిలోని పట్టణాలు తిరిగి, పాత వీధులను కూల్చి సూటి రోడ్లు వేసే ప్లాన్లను తిట్టిపోశాడు. ఇళ్లు పడగొట్టకుండా, చిన్నచిన్న సవరణలతో, ఆ ఊరివాళ్ల అలవాటును బట్టి బాగుచేయమన్నాడు. తక్కువ ఖర్చు కూడా అదేనని తంజావూరు నివేదికలో లెక్క చూపించాడు. ఆ నివేదికలు అల్మారాల్లోనే ఉండిపోయాయి.

గెడ్డెస్ పేరు ఎడిన్‌బరోతో ముడిపడిందే. గోపాలకృష్ణయ్య చదువుకున్నదీ ఎడిన్‌బరోలోనే. 1911లో ఆయన, స్నేహితుడు నడింపల్లి నరసింహారావు కలిసి ఓడెక్కారు. ఇద్దరూ తిరిగొచ్చాక ఒకరు మునిసిపాలిటీ మీద యుద్ధం చేశారు. రెండోవారు గుంటూరు కేసరిగా పేరు తెచ్చుకుని గుంటూరు మునిసిపాలిటీకే అధ్యక్షులయ్యారు. గుంటూరులో మునిసిపాలిటీ 1866 నుంచీ ఉంది. అక్కడ వకీళ్లున్నారు, వర్తకులున్నారు, పన్ను కట్టే స్థోమత ఉంది, కౌన్సిల్లో కూర్చోవాలన్న సరదా ఉంది. చీరాలలో అవేవీ ఆ మోతాదులో లేవు. ఒకే చట్టం రెండు ఊళ్లలో రెండు రకాలుగా పనిచేయడం వింతేమీ కాదు.

చీరాలలో విజ్ఞాపనలు వెళ్లాయి, ఫలితం లేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం మీద ఒక చైర్మన్‌ను పెట్టి నడిపించింది. పన్ను కట్టనివారిలో పన్నెండు మందిని జైలుకు పంపింది; వారిలో ఒక స్త్రీ కూడా ఉంది. ఇక్కడో తమాషా ఉంది. 1920 చివర ద్వంద్వ ప్రభుత్వం వచ్చాక స్థానిక స్వపరిపాలన శాఖ దొరల చేతిలోంచి మన మంత్రి చేతికి వచ్చింది. ఆ మంత్రి పానుగంటి రామరాయనింగారు, పానగల్లు రాజా. తెలుగువారు. జస్టిస్ పార్టీ నాయకులు. కాబట్టి చీరాల తగువు తెల్లవాడితో పడ్డ తగువుగా మాత్రమే చెప్పుకుంటే సగం కథ పోతుంది. స్వపరిపాలన పేరుగల శాఖ, ఆ ఊరు వద్దంటున్న స్వపరిపాలనను ఊరి మీద రుద్దింది. మునిసిపాలిటీని వెనక్కి తీసుకుంటే కాంగ్రెసుకు లొంగినట్టవుతుందన్న పట్టుదల మంత్రిగారిది. అక్కడి నుంచి కాలువలు, దీపాలు ఎవరికీ గుర్తులేవు.

1921 మార్చి ఆఖరులో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు అనే దళంలోని వాలంటీర్లు అక్కడ జనాన్ని అదుపు చేశారు. ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. శాంతంగా ఉండగలమనుకుంటే పన్ను కట్టకండి, లేదంటే ఊరే వదిలి వెళ్లండి అని రెండు దారులు చూపించారు. కాంగ్రెసు సాయం మీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పారు. ఊరు రెండో దారి పట్టింది. మునిసిపల్ హద్దు దాటగానే పాకలు లేచాయి. రామనగరం అని పేరు పెట్టుకున్నారు. తగువులు తీర్చుకోవడానికి సొంత పంచాయతీ, కాపలాకు రామదండు. ఎండాకాలంలో మొదలైన ఆ కాపురం ఈశాన్య రుతుపవనాల వానల్లోనూ సాగింది. పదకొండు నెలలు. ఇంతలో బరంపురంలో ఆజ్ఞ ధిక్కరించి మాట్లాడారని గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. డబ్బు అయిపోయింది, నడిపేవాడు లేడు. 1922 మొదట్లో జనం పాత ఇళ్లకు చేరారు. అప్పటికి ఇదే గుంటూరు జిల్లాలో పెదనందిపాడు రైతులు శిస్తు ఎగ్గొట్టారు. పల్నాడులో అడవి మేతకు వేసే పుల్లరి కట్టనందుకు కన్నెగంటి హనుమంతు ఫిబ్రవరి 22న తూటాలకు బలయ్యాడు. గోపాలకృష్ణయ్య 1928లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయారు.

ఊరు గెలిచిందా ఓడిందా అన్న చర్చ నాకు రుచించదు. ఇవాళ్టి చీరాల మునిసిపాలిటీ తన వయసును 1948 నుంచి లెక్కపెట్టుకుంటుంది. అంటే స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడాది నుంచి. ఈసారి ఎవరూ పాకలు వేసుకోలేదు.

ఊరికి పడమరగా ఉన్న పల్లంలో వేరే కథ చాలా ముందే మొదలైంది. 1832–33 నందన కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బ అయ్యాక, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టాలన్న మాటకు బలం వచ్చింది. 1852లో మొదలైన పని 1855కు పూర్తయింది. కట్టించినవాడు కెప్టెన్ ఓర్. పడమటి డెల్టాలో కొమ్మమూరు కాలువ దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా సాగి బకింగ్‌హాం కాలువను కలిసింది. పడవలు తిరిగాయి, వరి పండింది. నీళ్లు తేవడం మీద పెట్టిన శ్రద్ధ, వాడిన నీళ్లు సముద్రానికి చేర్చడం మీద పెట్టలేదు. పైనుంచి రేగడి నీళ్లు, పక్కనుంచి కాలువ నీళ్లు, ఎదురుగా ఇసుక. రొంపేరు, నల్లమడ లాంటి మురుగు కాలువలు ప్రతి పెద్ద వానకూ పొంగి పొలాల మీద పడ్డాయి. డెల్టా మురుగునీటి సమస్యను చూడమని 1964లో ఎ.సి. మిత్రా కమిటీని వేశారు. 1968లో డెల్టా రైతుల మీద డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. 1919లో చీరాల నేతగాడి దగ్గర అడిగిందే, అర్ధ శతాబ్దం తర్వాత రైతు దగ్గర అడిగారు. రైతులు గొణిగారు, కట్టారు.

ఇప్పుడు చీరాలలో మురుగు గురించి గట్టిగా మాట్లాడేది ఎవరో తెలుసా? గుంట మగ్గాల వాళ్లు. మగ్గం కింద కాళ్లు ఆడించడానికి నేలలో గుంట ఉంటుంది. గుంటలోని చెమ్మ నూలు తెగకుండా కాపాడుతుంది కూడా. ఊరు పెరిగి, వాకిళ్లకు సిమెంటు పడి, రోడ్లు ఇంటి గడపల కన్నా ఎత్తయి, ఇసుక తాగే జాగా తగ్గిపోయింది. తుపాను వాన పడితే నీళ్లు పైనుంచి కాదు, అడుగు నుంచి ఊరి గుంటలోకి వస్తాయి. నీళ్లు తోడి, గుంట ఆరి, మళ్లీ పడుగు ఎక్కించేదాకా కూలి లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ వీధులకు నీళ్లు కొత్త కాదు. కాలువ అక్కర్లేదన్న తాతల మనవలు, కాలువ ఎప్పుడు వేస్తారని మునిసిపల్ ఆఫీసులో నిలబడుతున్నారు. తాతలది తప్పూ కాదు, మనవలది మాట మార్చడమూ కాదు. వాళ్ల కాళ్ల కింద ఇసుక మారింది.

ఇక వీధి సైడు కాలువలు కట్టినా అవి చేరాల్సింది కుందేరు. అది ఊరి వాన నీటికీ మురుగుకూ దారి. ఏళ్ల తరబడి ఆక్రమణలతో సన్నబడి, గుర్రపుడెక్క, ప్లాస్టిక్కుతో నిండి ఉంటుంది. అక్కడినుంచి నీళ్లు సముద్రానికి చేరాలంటే తీరంలో కాలువ నోరు తెరిచి ఉండాలి. వేసవిలో అలలు ఇసుక పోసి ఆ నోటిని మూసేస్తాయి. వానలకు ముందు తవ్వి తెరవాలి. పన్ను వసూలు చేసేది మునిసిపాలిటీ. ఆ నోరు తవ్వాల్సింది జలవనరుల శాఖలోని డ్రెయినేజీ విభాగం. మధ్యలో ఏ కిలోమీటరు ఎవరిదన్న సంగతి వాన పడ్డ మర్నాడు ఫైళ్లలో వెతుకుతారు.