మరల అదే బండి: నౌపడలో అంబాసిడర్ కారు చరిత్ర

శతవార్షికోత్సవ సంచికకు మా వంతుగా ప్రయాణ సాధనములను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరిరి. కాలినడక, ఎద్దుబండి, సైకిలు, జీపు అను వరుసలో చక్కగా వ్రాయగల పెద్దలు మనలో అనేకులు ఉన్నారు గనుక మేము ఒక్క వాహనమును మాత్రమే తీసికొనుచున్నాము. అది అంబాసిడర్ కారు. అందులోను ఒకే సంగతి: పాత అంబాసిడర్‌ను వదలుకొని, మరల వెదకి వెదకి అంబాసిడర్‌నే తెచ్చుకొనిన వారి సంగతి. మా తండ్రిగారు అట్టివారిలో ఒకరు. ఆయన నౌపడ స్టేషనువద్ద చాలాకాలము అద్దె కారు నడిపిరి. కావున ఈ చరిత్రలో మా ఇంటి గోడు కూడ కొంత కలియును. చదువరులు మన్నింతురు గాక.

దూరప్రాంతపు సంఘస్థుల కొరకు నౌపడను గూర్చి రెండు మాటలు. హౌరా నుండి మద్రాసు పోవు పెద్ద లైనుమీద ఇది జంక్షను. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు, రెండున్నర అడుగుల పట్టాలమీద, ఇక్కడినుండే బయలుదేరెను. తరువాత అది గుణుపురము వరకు పోయెను. స్టేషను దాటి సముద్రము వైపు నడచినయెడల కనుచూపు మేర ఉప్పు మడులు. ఎండాకాలములో ఆ తెల్లని కుప్పలమీదుగా వీచు గాలి పెదవులకు తగిలిన ఉప్పగా ఉండును. ఈ గాలిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మా కథలో దొంగ అదియే.

ఇక కారు పుట్టుక. బిర్లావారి హిందుస్థాన్ మోటార్స్ 1942లో స్థాపింపబడి, మొదట గుజరాతులోని ఓఖా రేవువద్ద పని ప్రారంభించి, 1948లో కలకత్తా సమీపమున ఉత్తరపాడకు తరలివచ్చెను. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాను తీసికొని, 1957–58లో దానికి అంబాసిడర్ అని పేరు పెట్టి బయటికి విడిచిరి. కన్నదేశములో ఆ మోరిస్ కారు 1959కే ఆగిపోయెను. ఇక్కడ పెంపుడు బిడ్డ మాత్రము 2014 వరకు బ్రతికెను. మార్క్ టూ 1962లో, మార్క్ త్రీ 1975లో, మార్క్ ఫోర్ 1979లో వచ్చినవి. ముందరి జాలీ మారెను, దీపములు మారెను, డ్యాష్‌బోర్డు మారెను; ఆ గుండ్రని వీపు, ఆ బొద్దు బానెట్టు మాత్రము మారలేదు. మార్క్ ఫోర్ రోజులలోనే డీజిలు ఇంజను వచ్చి, అద్దెకు నడుపువారికి ప్రాణము లేచివచ్చినట్లాయెను.

ఆ దినములలో మరియొక కారు కొనుటకు ఏమున్నది? బొంబాయిలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్, కలకత్తాలో అంబాసిడర్. ఎన్ని కార్లు తయారు చేయవలెనో లైసెన్సులో వ్రాసియుండును. 1959లో కార్ల పంపిణీ, అమ్మకములమీద కేంద్ర ప్రభుత్వపు నియంత్రణ ఉత్తర్వు వచ్చెను. డబ్బు కట్టి వరుసలో నిలువవలసినదే. కావున అదే కారు మరల కొనువానిని చూచి, వానికి ఆ కారుమీద ప్రేమ అని అనుకొనుట పొరపాటు. అనేకులకు అది గత్యంతరము లేని కొనుగోలు. అయితే 1983 డిసెంబరులో మారుతి వచ్చిన తరువాతను, వాకిట నాలుగు రకముల కార్లు నిలిచియున్నను, మరల అంబాసిడర్‌నే కొనినవారిని ఏమనవలెను? వీరిని గూర్చియే మేము వ్రాయదలచినది.

మా తండ్రిగారు 1984లో ఒక మార్క్ ఫోర్ డీజిలు కారును సెకండ్‌హ్యాండులో కొనిరి. మెయిలు దిగినవారిని టెక్కలికి, సంతబొమ్మాళికి చేర్చుట, పెండ్లివారిని మోయుట, రోగులను సుమారు నూరు మైళ్ళ దూరమునగల విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి తీసికొనిపోవుట, ఇదియే ఆయన పని. రోజు సాయంకాలము ఆయన బావి నీళ్ళతో కారు అడుగు కడుగుచుండెడివారు. పై భాగము కడుగుట మా పిల్లల వంతు. నెలకొకసారి కాలిన ఇంజను ఆయిలును గుడ్డతో అడుగు రేకులకు పూయుచుండిరి. ఆ వాసన మాకు ఇప్పటికిని గురుతు.

ఇంత చేసినను ఉప్పు గెలిచెను. దీనికి ఒక కారణమున్నది. జీపుకు, లారీకి కింద ఇనుప చాసిస్ వేరుగా ఉండును. పై రేకు పోయినను ఎముక నిలుచును. అంబాసిడర్‌కు అట్టి ఎముక వేరుగా లేదు. అడుగు రేకు, తలుపుల కింది అంచులు, పైకప్పు, అన్నియు కలిపి అతికిన పెట్టె అది. ఆ పెట్టెయే దాని బలము. కనుక నేలరేకు తుప్పుపట్టినదనగా వెన్నెముక తుప్పుపట్టినదనుట. అతుకుమీద అతుకు వేయించవచ్చును గాని అతుకు వేయుటకు పక్కన మంచి రేకు ఉండవలెను గదా.

1993 వానకాలములో ఒక రాత్రి, నొప్పులు పడుచున్న ఒక స్త్రీని వెనుక సీటులో పరుండబెట్టుకొని పోవుచుండగా శ్రీకాకుళము ఇవతల టైరు పంచరాయెను. తండ్రిగారు దిగి జాకీ పెట్టి తిప్పగా, కారు లేవలేదు. జాకీ రేకులోనికి దూసుకొనిపోయెను. లారీ డ్రైవర్లు నలుగురు ఆగి చేతులతో కారు ఎత్తి పట్టుకొనగా చక్రము మార్చిరి. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. తండ్రిగారు మాత్రము ఆ దినము అన్నము ముట్టలేదు.

ఇంటిలో సభ జరిగెను. మా మేనమామ జీపు కొనుమనెను. "బావా, పదిమందిని ఎక్కించుకోవచ్చు. నీ కారులో ఎందరెక్కుతారు?"

"జీపులో రోగిని పడుకోబెట్టగలవేటి?" అని తండ్రిగారి జవాబు.

మారుతి వ్యాను సంగతి వచ్చెను. నోవా అను కొత్త అంబాసిడర్ సంగతి వచ్చెను. ఇసుజు ఇంజనుతో, అయిదు గేర్లతో వచ్చిన కారు సంగతియు వచ్చెను. తండ్రిగారు లేచి టెక్కలిలోని మెకానికు నొద్దకు పోయిరి. మేము కూడ వెంట పోయితిమి. ఆ ముసలి మెకానికు చెప్పిన మాట మాకు అక్షరాల జ్ఞాపకము: "అన్నా, ఈ బండి కడుపులో ఏటుందో కళ్ళు మూసుకున్నా నాకు తెలుస్తాది. ఇంకోటి తెస్తే నీకూ తెలీదు, నాకూ తెలీదు. రాత్రి రెండు గంటలకి రోడ్డుమీద ఆగిపోతే ఎవడు చేస్తాడు?"

ఆ మాటతో సంగతి తేలెను. అమ్మగారు గొలుసును, రెండు గాజులను విప్పి యిచ్చిరి. అవి అక్క పెండ్లికని దాచినవి. అక్క అప్పుడు అక్కడనే నిలిచియుండెను, ఏమియు అనలేదు. 1994 జనవరిలో విశాఖపట్టణము నుండి మరియొక మార్క్ ఫోర్ డీజిలు కారు, అదే తెలుపు రంగు, మా వాకిటికి వచ్చెను. ఇరుగుపొరుగువారు కొందరు కారు మారినట్లే గుర్తింపలేదు. "రంగు వేయించావా?" అని అడిగిరి. తండ్రిగారికి ఆ ప్రశ్న ఎంతో సంతోషము కలిగించెను. మా మేనమామకు మాత్రము నవ్వు వచ్చెను.

తరువాతి వారమంతయు మా వాకిట జరిగిన పని చూడదగినది. పాత కారులోని డైనమో, బ్యాటరీ, హారను, పైన సామాను కట్టు క్యారియరు, మంచి టైర్లు రెండు, చివరకు ఎడమవైపు ముందు తలుపు కూడ కొత్త కారులోనికి నడచిపోయినవి. ఒక్క బోల్టు రంధ్రమైనను తప్పలేదు. మిగిలిన డొక్కు పాత ఇనుము వర్తకునికి పోయెను. అదే నమూనా కొనుటలోని లాభము అప్పుడు మాకు బోధపడెను: కొనినది ఒక కారు, చేతికి వచ్చినది ఒకటిన్నర కారు.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. ఫోర్డువారి టి నమూనా కారు 1908 నుండి 1927 వరకు ఒక్క తీరుగనే వచ్చెను. వోక్స్‌వాగన్ బీటిల్ కారు 2003 జూలై వరకు మెక్సికోలోని ప్యూబ్లాలో తయారగుచునే ఉండెను. అక్కడి టాక్సీవారును ఆ కారునే మరల మరల కొనిరి. ప్రతి ఊరిలోను దానిని విప్పి బిగింపగల మనిషి ఉన్నంతకాలము పేదవాడు అట్టి బండిని విడువడు.

తండ్రిగారు చేసినది మంచి బేరమా? మేము పక్షపాతము లేక చెప్పవలెనన్న, సగము మంచిది. గొలుసు మూడేండ్లకు బ్యాంకు నుండి ఇంటికి వచ్చెను, 1998లో అక్క పెండ్లి జరిగెను. అటుపిమ్మట రోడ్లమీద సుమోలు, ఇండికాలు, ఆటోలు నిండెను. పెండ్లివారు అంబాసిడర్ అనగానే ముఖము చిట్లించుకొనసాగిరి. 2004లో చిన్న రైలు ఆగినప్పుడు, పెద్ద పట్టాలు వేయువరకు పర్లాకిమిడి ప్రయాణికులు మా కారు ఎక్కుదురని ఆశపడితిమి. ఎక్కినది జీపులు. 2011లో పెద్ద రైలు గుణుపురము చేరెను. మా మేనమామ "నే చెప్పలేదా" అని ఒక్కసారియైనను అనలేదు. అందుకు ఆయనకు మేము ఋణపడియున్నాము.

అక్కడ ఉత్తరపాడలోను ఇదే కథ. 1980 దశకము నడుమ ఏటికి సుమారు 24,000 అమ్ముడైన కారు, 2014 మార్చితో ముగిసిన సంవత్సరమున సుమారు 2,200కు దిగెను. 2013లో ఒక బ్రిటిషు టెలివిజన్ కార్యక్రమమువారు లోకములోని టాక్సీలన్నిటిలో ఇదియే శ్రేష్ఠమని తేల్చిరి. మరుసటి సంవత్సరము మే నెలలో ఫ్యాక్టరీ పని నిలిపివేసెను. 2017లో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీవారు కొనిరి. ఫ్యాక్టరీ మూతపడిన వార్తను మేమే పేపరులో చదివి వినిపించితిమి. తండ్రిగారు చాలసేపు ఊరకుండి, "అయితే ఇది పోతే ఇంకోటి లేదన్నమాట" అనిరి.

అది 2018 అక్టోబరులో పోయెను. తిత్లీ తుపాను రాత్రి రేకుల షెడ్డు దానిమీద కూలెను. అప్పటికే అది నడుచుట అరుదు.

2022లో మేము ఒక సభకై కలకత్తా వెళ్ళినప్పుడు తండ్రిగారు తామును వచ్చెదమనిరి. హౌరాలో లోకలు రైలెక్కి ఉత్తరపాడ దాటగానే హింద్ మోటర్ అను స్టేషను వచ్చును. ఫ్యాక్టరీ పేరే స్టేషనుకు పెట్టిరి. అక్కడ దిగితిమి. ఆయన కాసేపు ప్లాట్‌ఫారముమీద నిలిచి ఆ పేరు పలకను చూచి, పోదమనిరి. తిరిగి హౌరా వచ్చి పసుపు టాక్సీ కొరకు నిలువగా ఒక అంబాసిడర్ వచ్చి ఆగెను. తండ్రిగారు ఎక్కకముందే వంగి తలుపు కింది అంచును వ్రేలితో తడిమిరి. డ్రైవరు ఏమనుకొనెనో తెలియదు, నవ్వి ముందు తలుపు తెరచెను.

"ఇక్కడ ఉప్పు గాలి లేదు గదా. ఐనా తినేసింది," అని మాతో అని, ఆయన ముందు సీటులో కూర్చుండిరి.