ఆదివారం రాళ్ళైపోయిన పెళ్ళివారు

బ్రిస్టల్ నుంచి దక్షిణంగా కారెక్కితే స్టాన్‌టన్ డ్రూ అరగంట దూరం కూడా ఉండదు. పేరు గంభీరంగానే ఉంటుంది గానీ, విప్పి చూస్తే మన రాళ్ళపల్లే. పాత ఇంగ్లీషులో ‘స్టాన్’ రాయి, ‘టూన్’ పల్లె. మనకు కొత్తపల్లులు ఉన్నట్టు ఈ దేశం నిండా స్టాన్‌టన్‌లే. ఏ స్టాన్‌టనో తెలియాలని మధ్యయుగాల్లో ఊరి భూస్వాముల పేరు తోకగా తగిలించారు. డ్రూ అన్నది ఆ నార్మన్ కుటుంబం పేరు. అది తెలియనివాళ్ళు దాన్ని డ్రూయిడ్లకు, అంటే ఇక్కడి ప్రాచీన పూజారులకు, ముడిపెడతారు. ఆ పూజారుల కాలానికి ఇక్కడి పొలంలోని రాతివలయాల వయసు అప్పటికే రెండు వేల ఏళ్ళు!

గేటు దగ్గర హుండీలాంటి పెట్టెలో చిల్లర వేసి పొలంలోకి వెళ్ళాలి. పెద్ద వలయం 113 మీటర్ల వ్యాసం. బ్రిటన్‌లో ఇంతకు మించిన రాతివలయం ఏవ్‌బరీలోది ఒక్కటే. ప్రపంచమంతా స్టోన్‌హెంజ్ దగ్గర బారులు తీరుతుంటే, ఇక్కడ చాలా రాళ్ళు గడ్డిలో ఒరిగి పడుకుని ఉంటాయి.

ఊరివాళ్ళ లెక్కలో ఇవి రాళ్ళు కావు, పెళ్ళివారు. శనివారం పెళ్ళి. విందు, ఆట, పాట. అర్ధరాత్రి కాగానే ఫిడేలు వాయించేవాడు, ఆదివారం వచ్చేసింది, ఇక వాయించనని లేచాడు. పెళ్ళికూతురు ఊరుకోలేదు, నరకానికి పోయైనా సరే వాద్యగాణ్ణి తెస్తానంది. అంతలో నల్లబట్టల ముసలాయన ఒకడు వచ్చి ఫిడేలు అందుకున్నాడు. పాట వేగం పెరిగింది, కాళ్ళు ఆగనన్నాయి. తెల్లారేసరికి అందరూ రాళ్ళు. వచ్చినవాడు సైతాను. మళ్ళీ వచ్చి వాయిస్తాను, అప్పుడు లేద్దురు గాని, అని చెప్పి పోయాడట. మన అహల్యకు రాముడి పాదం దొరికింది. వీళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారు.

చిత్రమేమిటంటే రాళ్ళకు సుమారు 4,500 ఏళ్ళు, కథలో మాత్రం ఆదివారం ఉంది. రాళ్ళు నిలబెట్టినవాళ్ళకు ఆదివారం ఏం తెలుసు? కార్న్‌వాల్‌లోని మెర్రీ మెయిడెన్స్‌దీ ఇదే కథ: ఆదివారం నాట్యమాడిన పిల్లలు 19 రాళ్ళయ్యారు. అక్కడి హర్లర్స్ ఆదివారం బంతాట ఆడినవాళ్ళు. నాకైతే ఇవి రాళ్ళ చరిత్రలా కాక, చెప్పినవాళ్ళ చరిత్రలా వినిపిస్తాయి. 1618లో జేమ్స్ రాజు, ఆదివారం ప్రార్థన అయ్యాక జనం ఆడుకోవచ్చని ప్రకటన ఇచ్చాడు. ఆదివారం ఆట పాపమనే ప్యూరిటన్ క్రైస్తవులు మండిపడ్డారు. 1643లో పార్లమెంటు ఆ ప్రకటన ప్రతుల్ని తగలబెట్టించింది. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్న కాలమది. జాన్ ఆబ్రీ అనే పురావస్తు ప్రియుడు 1664లో ఇక్కడికి వచ్చేసరికి పెళ్ళి కథ జనం నోట ఉంది. మన తెలంగాణలో వలయాలుగా రాళ్ళు పేర్చిన పాత సమాధుల్ని రాక్షసగుళ్ళు అనేస్తాం. ఎవరు కట్టారో మరచిపోయినచోట మనకు రాక్షసుడు గుర్తొచ్చాడు, వీళ్ళకు పాదిరీ బెదిరింపు.

రాళ్ళను లెక్కపెట్టకూడదని ఇంకో నమ్మకం. బాత్ నగరంలోని సర్కస్ భవనాల వాస్తుశిల్పి జాన్ వుడ్ 1740లో కొలతలకు వస్తే పెద్ద గాలివాన లేచింది, ఊరు తప్పంతా ఆయన మీద వేసింది. నేనూ లెక్కపెట్టాను, వాన రాలేదు గానీ లెక్క తేలలేదు. పుస్తకాల్లోనే ఒకచోట 26, మరోచోట 27.

1997లో మాత్రం నేలను తవ్వకుండానే అయస్కాంత పరికరాలతో సర్వే చేశారు. పెద్ద వలయం లోపల, గడ్డి కింద, ఒకదానిలో ఒకటిగా తొమ్మిది గుంతల వలయాలు బయటపడ్డాయి. మొత్తం సుమారు 400 గుంతలు. వాటిలో చెట్ల మానులు నిలబెట్టి ఉంటారని అంచనా. ఏ కథలోనూ ఆ మానుల ఊసు లేదు. కర్ర కుళ్ళిపోయింది, దాంతో కథకూ అందకుండా పోయింది.

పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, తాగి పడిపోయిన పాదిరీ అని చెప్పే మూడు రాళ్ళు వేరుగా ఉన్నాయి, డ్రూయిడ్స్ ఆర్మ్స్ అనే పబ్బు తోటలో. ఇద్దరు నిలబడి ఉన్నారు, పాదిరీ మధ్యలో పడుకున్నాడు. నేను వెళ్ళింది ఆదివారం మధ్యాహ్నం. బల్లల నిండా జనం, చేతుల్లో గ్లాసులు. ఒక పిల్లవాడు పాదిరీ మీదెక్కి గెంతుతున్నాడు. వాళ్ళమ్మ దిగమనలేదు.